పదకొండుకే మోగే బజర్

జూన్ 2, ఆదివారం
స్కోరు బోర్డు వెలిగింది! ప్లైవుడ్ మీద ఎర్ర ఎల్ఈడీ పట్టీలు, చెరో వైపు ఒక కాలింగ్‌బెల్ స్విచ్. పాయింటు వస్తే ఒక నొక్కు. మూడు వారాలు సోల్డరింగ్ పొగ మింగినందుకు ఫలితం. ఎనిమిదిలో నడిమి గీత మాత్రం వెలగడం లేదు, సున్నాలా కనిపిస్తోంది.

జూన్ 5
ఎనిమిది ఇప్పుడు సరిగ్గా వెలుగుతోంది. ఇక ఆట ఎక్కడ ముగియాలో ప్రోగ్రాంలో రాయాలి. టేబుల్ టెన్నిస్ హాల్లో మేం ఇంకా పాత పద్ధతిలో ఇరవై ఒకటికే ఆడతాం. అది బావ పట్టు. అక్క పెళ్ళైన ఏడాది నాకు బ్యాటు పట్టడం నేర్పింది ఆయనే, అప్పటి లెక్క అదే. ఇప్పటి రూలు పదకొండు. ఒక్క సంఖ్య కొట్టడమే కదా... పదకొండు కొట్టాను, ఆ పాయింటుకు బజర్ మోగి ఆట ముగుస్తుంది. రూలు రూలే.

జూన్ 9, ఆదివారం
హాల్లో పెట్టాను. అందరూ ఫోన్లు తీసి ఫోటోలు. బావ తన ఊరు పాలకోడు నుంచి వచ్చీ రాగానే దాని ముందు నిలబడి, "మా బామ్మర్ది చేసినాడు, చూడండ్రా!" పదకొండు సంగతి చెప్పాను. "కొత్త రూలా? సరి, ఆడదాం." 11–6. 11–7. 11–5. మూడూ నేనే! ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదలు. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

జూన్ 16
మళ్ళీ మూడూ నావే. బావకు ఒళ్ళు వేడెక్కడానికే పది పాయింట్లు కావాలి. పద్నాలుగు దాటాకే ఆయన బ్యాక్‌హ్యాండ్ నిద్ర లేస్తుంది. అది నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "ఇంగోటి ఆడదామా బావా?" "వద్దులేరా." ఎప్పుడూ ఆ మాట అనేది నేను.

జూన్ 23
బావ రాలేదు.

జూన్ 30
రాలేదు. అక్కకు ఫోన్ చేశాను. "బ్యాటు అటక మీద పడేసినాడురా. చెయ్యి లేస్తా లేదంట. వయసైపోయిందంట, ఇంగ చాలంట."


జూలై 2
ఇంట్లో మిగతావాళ్ళంతా తమిళ బళ్ళో చదివినవాళ్ళే, ఈ తెలుగు అక్షరాలు చదివేది నేనొక్కణ్ణే. ఇక్కడ కూడా దాచి ఏం లాభం? పదకొండు పెట్టింది రూలు కోసం కాదు. గెలవాలని. ప్రతి ఆదివారం ఓడి, నవ్వుతూ బ్యాటు కవర్లో పెట్టుకోవడం విసుగెత్తి. సిగ్గుగా ఉంది. ఇరవై ఒకటికి మార్చాను. నిమిషం కూడా పట్టలేదు.

జూలై 4
పాలకోడు. మండీలో టమోటా బాక్సుల మధ్య బావ. నన్ను చూడగానే ఆ ముఖంలో సంతోషం... కోపంగా ఉండి ఉంటే బాగుండేది.
"ఆదివారం రా బావా. బోర్డు మార్చినాను, ఇరవై ఒకటికి."
"నాకోసం రూలు మార్చొద్దురా. బోర్డు అబద్ధం చెప్తాదా? నాకే అయిపోయింది."
పక్కనున్న రైతుల వైపు తిరిగి, "మా బామ్మర్ది. మీసం రాకముందు నేనే నేర్పించినాను. ఇప్పుడు నన్నే కొడతా ఉండాడు!"
గర్వంగా. నిజంగానే గర్వంగా.
రూలు కాదు బావా, నేనే — అనాలి. నోటిదాకా వచ్చింది. ఈలోగా టీ తెప్పించాడు. తాగి, ఏమీ చెప్పకుండానే ఐదున్నర బస్సెక్కాను.