పందికొక్కు చెవిన పడకుండా

వెంకటనర్సమ్మకు, ఇక్కడ డోర్నకల్‌లో బిడ్డ, అల్లుడు, నేను మంచిగున్నాం. రంది పెట్టుకోకు.

ఫోన్ ఉండగా కార్డెందుకంటావేమో. ఇంటి వెనుక స్వప్న పెట్టిన చేమగడ్డల మడిని పందికొక్కు తోడేస్తోంది. మొన్న దాని బొరియ దగ్గరే నిలబడి, "రేపు పొగబెడ్త బిడ్డా" అని నోరు జారాను. తెల్లారి చూస్తే అది గోడ పక్కన కొత్త బొరియ తవ్వుకుంది. పట్టే మాట దాని చెవిన పడొద్దని మా అవ్వ ఊరికే అనలేదు. స్వప్నకు విసుగొచ్చి, "ఇగ ఈ జాగంత సిమెంటు పోయిస్త బాపూ" అన్నది. పది రోజులు ఆగమన్నాను. ఆ మన్ను మీద సిమెంటు పడనివ్వను.

కొట్టంలో దూలానికి వేలాడే ఇనుప బోను, నాలుగు ఎండు చేపలు సంచిలో కట్టి పక్కింటి యుగేందర్‌తో పంపు. ఫోన్‌లో మాత్రం ఆ మాట ఎత్తకు.

బర్రె ఈనిందా? నీ మోకాలి మందు అయిపోతే తెప్పించుకో.

అది చిక్కినాక నేనే ఫోన్ చేసి "చుట్టం పోయిండు" అంటాను. అప్పుడు ఎసట్లో నాకూ బియ్యం పొయ్యి. అంతవరకు రాను.

వాడకట్టులో అందరినీ అడిగినట్టు చెప్పు.

ఆగయ్య