లారీకి మెట్టు

నవంబర్ 4, మంగళవారం

నర్సన్న వచ్చి పోయాడు. చెరుకు కాంట్రాక్టర్. ఇరవయ్యో తారీఖున చందూర్‌లో చెరుకు కొట్టుడు మొదలట, బార్డర్ అవతలి ఫ్యాక్టరీకి తోలాలట. భూమేష్, నువ్వే నడుపుతనంటే నీ లారీ పెడత, లేకుంటే నాకు శాన బండ్లున్నయి అని మా ఆయన మొహం మీదే అనేశాడు. మా ఆయన కిటికీలోంచి లారీని చూస్తూ కూర్చున్నాడు. నడుపుతడన్నా అని నేనే చెప్పాను.

ఏం ధైర్యంతో చెప్పానో! షుగర్ వచ్చి ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు, ఎండాకాలంలో. ఇప్పుడు నడుస్తున్నాడు. లారీ మాత్రం ఎక్కడు. లారీతో వచ్చిన కంపెనీ మెట్టు ఎప్పుడో విరిగిపోయింది. ఇన్నేళ్లూ టైరు మీద కాలేసి ఒక్క దూకులో సీట్లో ఉండేవాడు. ఇప్పుడు అడిగితే, ఎక్కనే రాదు, ఇగ నడుపుడేంది అంటాడు.

ఎక్కడమేగా ప్రాబ్లమ్? మెట్టు పెట్టిస్తే సరి. నా తమ్ముడు మధుకర్ నిజామాబాద్‌లో లారీ బాడీలు కట్టే షాపులోనే పని చేస్తాడు.

నవంబర్ 7

మెట్టు మాట ఎత్తగానే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ముసలోని లెక్క మెట్లెక్కి కూసోవాల్నా, అడ్డా మీద అందరు నవ్వరా అని. నవ్వనీ. నవ్వేవాళ్లు వచ్చి చెరుకు తోలిపెడతారా? వేళ్లు పోయాయి గానీ మొండితనం పోలేదు మనిషికి.

నవంబర్ 9, ఆదివారం

మధుకర్ రెండు పక్కలకూ మెట్లు చేసి పట్టుకొచ్చాడు. కాలు జారకుండా గరుకు రేకు, పైన సిల్వర్ పెయింట్. చూస్తేనే కడుపు నిండింది.

కానీ బోల్టు ఎక్కలేదు. లారీ కింద బోల్టులు పట్టే రంధ్రాలున్నాయి గానీ వాటి థ్రెడ్లన్నీ రంగుతో పూడిపోయాయి. ఎవరి పని? మా ఆయనదే. ఏటా దసరా పూజకు ముందు బ్రష్ పట్టుకుని లారీ కింద దూరేవాడు. నట్టూ బోల్టూ రంధ్రం ఏదీ వదలకుండా నీలం రంగు దట్టించేవాడు. ఎన్ని దసరాల పూతలో! మొన్నటి దసరాకు మాత్రం పూయలేదు. కొబ్బరికాయ కొట్టి లోపలికి వచ్చేశాడు.

మధుకర్ మెషిన్ పెట్టి ఒక బోల్టు బిగించబోతే సగం పోయి టక్కున ఆగింది. గట్టిగానే ఉంది కదరా అన్నాను. గదే మోసం అక్కా అన్నాడు. రంగు పట్టుకుంటే బిగిసినట్టే అనిపిస్తదట, మెట్టు మాత్రం వదులుగనే ఉంటదట. బావ బరువు పడ్డనాడు ఊడి కింద పడతది అన్నాడు. ఇంకా బలవంతం చేస్తే బోల్టు తెగి లోపలే ఉండిపోతుందట. అంతలో వాళ్ల సేటు ఫోన్. సామాను నా చేతిలో పెట్టి, ఎట్లా చేయాలో చూపించి పోయాడు.

నవంబర్ 11

లారీ కింద పడుకున్నాను. చీర మీద మా ఆయన పాత షర్టు. పక్కింటి భూమవ్వ గోడ దగ్గర తన జాగాలో కూర్చుని, ఏందే జ్యోతీ, బీడీలు చుట్టుడు ఇడిసి మెకానిక్‌వైనవా అని ఒకటే నవ్వు.

ముందు థిన్నర్ పూసి, రంగు మెత్తబడేదాకా ఆగాలి. తీగ బ్రష్‌తో తోమాలి. ఆ తర్వాత ట్యాప్. బోల్టులాగే ఉంటుంది, పళ్లు మాత్రం పదును. దాన్ని రంధ్రంలో పెట్టి చేత్తోనే తిప్పాలి. కాస్త ముందుకు, మళ్లీ కాస్త వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా రంగు పొడి రాలుతుంది. కళ్లల్లో, నోట్లో. బీడీలు చుట్టే వేళ్లు కదా, ఎక్కడ పట్టేయబోతోందో ముందే తెలిసిపోతోంది.

నీలం అయిపోయాక ఆకుపచ్చ రాలింది. లారీ కొన్న ఏడాది రంగు. ఆ ఏడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డిచ్‌పల్లి దాకా తిప్పుకొచ్చాడు, హారన్ కొట్టుకుంటూ. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, మళ్లీ తిప్పాను.

నవంబర్ 12

చేతులు లేవడం లేదు. బీడీలు బంద్.

నవంబర్ 14, సాయంత్రం

అయిపోయింది! పొడిని గుడ్డతో తుడిచేస్తే, బోల్టు వేళ్లతోనే లోపలిదాకా పోయింది. మధుకర్‌కు వీడియో కాల్‌లో చూపించాను. శెభాష్ అక్కా, ఇగ పానా పట్టు అన్నాడు. బిగించాను. మెట్టు మీద నిలబడి ఎగిరాను. భూమవ్వను కూడా ఎక్కించాను. ఆమె బరువుకే కదల్లేదంటే ఇక దేనికీ కదలదు.

మా ఆయన గడపలో నిలబడి అంతా చూశాడు. మొహం మాడిపోయి ఉంది. ఒళ్లు మండింది నాకు.

నవంబర్ 15

రేపు ఎక్కుతడట.

నవంబర్ 17, పొద్దున

నర్సన్న ఫోన్, ఏమాయె అని. తీసుకెళ్లి మా ఆయన చేతిలోనే పెట్టాను. వస్త అన్నా అన్నాడు. బయటికి నడిచాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. ఎక్కాడు! నేను వాకిట్లో నిలబడి సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

నవంబర్ 17, మధ్యాహ్నం

స్టార్ట్ చేసి గేర్ వేశాడు. అంతే, లారీ ఒక్కసారిగా ముందుకు దూకి భూమవ్వ గోడను గుద్ది ఆగిపోయింది. గోడ కూలింది. పొద్దంతా ఆ గోడ దగ్గరే కూర్చునే మనిషి, ఇవాళ రేషన్ షాపుకు పోయింది.

ఆయన దిగలేదు. నేనే మెట్టెక్కి తలుపు తీశాను. ఎడమ కాలు క్లచ్ మీద నుంచి జారి పక్కకు పడి ఉంది. క్లచ్ మీదనే ఉన్నదనుకున్న జ్యోతీ అన్నాడు. గా కాలుకు సోయే లేదన్నాడు. వేళ్లు తీయక ముందు నుంచే లేదట. బండి ఎక్కరాదంటే ఇంకేం అడగరు గదా అనుకున్నడట. నువ్వు మెట్టు పెట్టినవ్, ఇగ నాకు చెప్పెటందుకు ఏం మిగల్లే అన్నాడు.

తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఆ కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను పట్టుకున్నట్టు ఆయనకు తెలియలేదు, చూస్తేనే తెలిసింది.

నవంబర్ 19

భూమవ్వ గోడ గురించి ఒక్క మాట అనలేదు. కూర పంపింది. తిట్టినా బాగుండేది.

నర్సన్నకు నేనే ఫోన్ చేశాను. లారీ మాది, డ్రైవర్‌ను నువ్వే పంపన్నా, వాని జీతం మా కిరాయిలో పట్టుకో అని. సరేనన్నాడు. మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. బకెట్ పట్టుకుపోయి లారీ కడిగాడు. మెట్టు రెండుసార్లు కడిగాడు.

నవంబర్ 20

డ్రైవర్ వచ్చాడు. కుర్రవాడు. టైరు మీద కాలేసి ఒక్క దూకులో ఎక్కేశాడు. మెట్టు ముట్టనే లేదు.