మా ఆయన్ని మళ్ళీ చేర్చుకోండి

కామెంట్లకు కాపలా కాసే అయ్యగారికి నమస్కారం.

యంత్రాలకు తెలివి ఉంటుందా అనే వార్త కింద ఎవరినో "నీ మెదడు మోకాల్లో ఉంది" అన్నందుకు మా ఆయన్ని మీ సైటు నుంచి గెంటేశారు. తప్పు ఆయనదే, కాదనను. కానీ అక్కడ చేసే వాదనల పోరంతా ఇప్పుడు నా నెత్తిన పడింది.

అన్నం ఉడికిందంటే "ఎన్ని మెతుకులు పట్టి చూశావు?" అంటారు. ఫ్యాను చప్పుడు చేస్తోందంటే "అది నీ అభిప్రాయం" అంటారు. మోకాళ్ళ నొప్పులని మా అత్తగారు మూలిగితే, "ఒక్క మనిషి అనుభవం లెక్కలోకి రాదమ్మా" అన్నారు. ఆవిడ చేతికర్ర అందుకున్నారు.

నిన్న విసిగిపోయి, పెళ్ళయ్యాక మొదటిసారి, "మీరు చెప్పిందే నిజమండీ" అనేశాను.

"ఆధారం ఉందా?" అన్నారు.

అది మాత్రం నా దగ్గర లేదు బాబూ. ఈ సాయంత్రమే ఆయన్ని లోపలికి రానివ్వండి.

ఇట్లు,
ఆయన భార్య