డిస్పెన్సరీ ముందు బెంచీలు

ఎల్లారెడ్డి, 1986 జూన్, బుధవారం రాత్రి

డిస్పెన్సరీ నడపాలా, మూసేసి బడికి గదులివ్వాలా అని ఈ రోజు ఐదుగురు సిస్టర్లం కలిసి నిర్ణయించాలట. ముందుగా మదర్ సుపీరియర్ గంటసేపు పవిత్రాత్మ వెలుగు కోసం ప్రార్థన చేయించారు. పాట ఎత్తుకున్నది నేనే. తర్వాత "మనందరి ఆశ ఒకటే, సేవ ఒకటే" అంటూ, దేవుని చిత్తం బడి వైపే ఉందని తేల్చారు. అందరూ తలలూపారు. పన్నెండేళ్లుగా ఆ డిస్పెన్సరీలో కాన్పులు చేస్తున్న నేనూ ఊపాను.

బయటికొస్తే, కామారెడ్డిలో చేయించిన పిల్లల బెంచీలు లారీలోంచి దింపుతున్నారు. వాటిని ఎన్నాళ్ల కిందట పురమాయించారో! మరి నా మోకాళ్లు అరగడం దేనికి?

నెలనెలా కోడలిని చూపించడానికి వచ్చే రాజవ్వ అక్కడే ఉంది. "మాకోసం గిన్ని బెంచీలు తెప్పిచ్చిన్రా సిస్టరమ్మా? ఇన్నేండ్లకు నేల మీద కూసునుడు తప్పింది" అని మురిసిపోయింది. నిండు నెలల కోడలిని ఒకదాని మీద కూర్చోబెట్టింది. అది మరీ పొట్టిది. పాపం, ఆ పిల్ల మోకాళ్లు కడుపుకు తగులుతున్నాయి.

అవి మీకోసం కావని చెప్పాల్సింది నేనే.

మళ్లీ తలే ఊపాను.