కట్ట చుట్టేసేపు

కోరుట్ల,
ఆదివారం.

నా బంగారు బిడ్డ తేజస్వినికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాయనమ్మా బాగానే ఉన్నాం. సిరిసిల్ల గురుకులంలో నువ్వూ బాగున్నావని తలుస్తున్నాను.

ముందు నీ సైన్సు ప్రదర్శన సంగతి. నేను పంపిన బల్బుల లెక్క తప్పిందని మీ టీచరమ్మ అన్నదట. ఎల్‌ఈడీ పెడితే పావుగంటలో మన కరెంటు మీటరు ఎర్రలైటు ఏడుసార్లే మిణుకుమనాలి, పది ఎట్లా వచ్చిందని అడిగావు. నాకూ పట్టుదల వచ్చింది. ఫ్యాను, టీవీ ఆపి, వెనక గది తలుపు వేసి, మూడు బల్బులూ ఒక్కొక్కటే మళ్లీ పెట్టి చూశాను.

"పట్టపగలు గీ దీపాలేందే? పిచ్చి లేసిందా?" అని మీ నాయనమ్మ ఒకటే నవ్వు.

అరవై వాట్ల పాత బల్బు దగ్గర చెయ్యి పెడితే చుర్రుమంది. కరెంటంతా వేడికే పోతోంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ కింద తునికాకు ఈనెలు అంతే స్పష్టంగా కనిపించాయి. ఇన్నేళ్లు ఆ వేడిని నెత్తిన పెట్టుకుని బీడీలు చేశానా అనిపించింది.

పోయినసారి చివర పెట్టిన ఎల్‌ఈడీని ఈసారి ముందు పెట్టాను. సరిగ్గా ఏడే. పాత బల్బు చివర పెడితే, పోయినసారి నలభై ఎనిమిది వచ్చింది కాస్తా అరవై ఆరయింది! ఏది చివర పెడితే అది ఎక్కువ తింటోంది. ఇదేం మాయ అని కరెంటు సామాన్ల షాపు హరీశ్‌ను అడిగాను.

"బల్బు గట్ల తినదక్కా. పావుగంట దేంతోని చూసినవ్?"

"బీడీలతోని."

ఇరవై అయిదు బీడీల కట్ట నాకు పావుగంట పని. నీ చిన్నప్పటి నుంచీ అదే నా గడియారం. ఒక్కో బల్బు కింద ఒక్కో కట్ట చుడుతూ మిణుకులు లెక్కపెట్టాను. ఫోనులో టైము చూడాలని తట్టనే లేదు. ఫోను పెట్టి చూస్తే పాత బల్బు నలభై ఎనిమిది, సీఎఫ్‌ఎల్ పన్నెండు, ఎల్‌ఈడీ ఏడు. ముందు పెట్టినా చివర పెట్టినా అంతే.

చెయ్యి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గిందని రెండు ఉత్తరాల్లో రాశాను. అది అబద్ధం. మొదటి కట్ట కాగానే కుడి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. మూడో కట్టకు ఇరవై నిమిషాలు పడుతోంది. ఇంత నెమ్మదించానని నాకే తెలియదు. భయమేసింది బిడ్డా. మీటరు ఖరాబైందని రాసేద్దామనుకున్నాను. అదే నిజమనుకుని నువ్వు పదిమంది ముందు నిలబడి చెబుతావని ఆగాను.

బుధవారం పక్కింటి శంకరవ్వతో జగిత్యాల పెద్దాసుపత్రికి పోతున్నాను. చదువు మానేసి వస్తానని మాత్రం రాయకు. కొత్త లెక్క రాసుకుని పాతది కొట్టెయ్యి. అందులో ఎక్కువొచ్చిన మూడు మిణుకులు బల్బువి కావు, నా చేతివి.

ఇట్లు,
నీకు నిజం రాసిన
అమ్మ కల్యాణి