అర్థం లేని మాటలని నేను పెట్టిన సంతకం గురించి

విద్యాశాఖ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,
దుర్గ్.

భిలాయి, వైశాలి నగర్ నివాసి, హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేయు బొడ్డేపల్లి తిరుమలరావు వ్రాసుకొను అర్జీ.

విషయం: పదకొండవ తరగతి చదువుతున్న నా కుమార్తె భాగ్యరేఖ, జాంబీల ప్రాజెక్టులో రాసిన మాటలకు అర్థం లేదని నేను ఇచ్చిన వాంగ్మూలం రద్దు చేయుట గురించి, ఆమె నోటుబుక్కు వెదికించి ఇప్పించుట గురించి.

అయ్యా,

ఈ విషయం మీద ఇది నా మూడవ అర్జీ. మొదటి రెండూ తమ ఆఫీసు బయట బల్ల వేసుకుని కూర్చునే ఆయన చేత హిందీలో రాయించాను. నేను అరగంట చెప్పుకున్నది ఆయన నాలుగు లైన్లకు కుదించి, చివర "మార్కులు పెంచగలరని ప్రార్థన" అని తగిలించాడు. మార్కులు నేను అడగలేదు. అదేమిటంటే "సబ్ యహీ లిఖ్‌వాతే హై, భయ్యా" అన్నాడు. అందరూ రాయించేది అదేనట. అందుచేత ఈసారి నాకు వచ్చిన భాషలో నేనే రాస్తున్నాను. తమ ఆఫీసులో తెలుగు చదివేవారు ఒక్కరూ లేరని కిటికీ దగ్గర గుమాస్తా ముందే చెప్పియున్నాడు. అయినా ఇస్తున్నాను.

1. తమ జవాబులో "ఫిర్యాదు జాంబీల పాఠం మీదనా, మార్కుల మీదనా, స్పష్టం చేయవలెను" అని అడిగియున్నారు. రెంటి మీదా కాదు. చచ్చి లేచి తిరిగే శవాలను జాంబీలంటారని, అవి మాట్లాడవని, అయినవాళ్లను గుర్తుపట్టవని, కనబడ్డవాళ్లను కరుస్తాయని మా అమ్మాయే నాకు చెప్పింది. పిల్లలు ఫోనుల్లో చూసేది ఎలాగూ అవే గనక, అవే ఇస్తే నాలుగు పేజీలు రాస్తారని హిందీ టీచరు మేడమ్ అనుకున్నారు. ఆమె మంచి మనిషే. పాఠశాల పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. అమ్మాయి ఇంకో ఏడాది అక్కడే చదవాలి.

2. దసరా సెలవులకు ఇచ్చిన ప్రాజెక్టు ఏమనగా: "మీ ఊళ్లోకి జాంబీలు వచ్చాయి. మీ కుటుంబం ఎలా బతికి బయటపడింది? కథగా రాయండి. ఇంటి నక్షా, దగ్గర ఉంచుకునే సామాన్ల జాబితా జతచేయండి." ఇరవై మార్కులు. తక్కిన పిల్లలు బుద్ధిగా రాశారు. ఒకడు నెహ్రూ నగర్‌లో వాళ్ల మేడ గేటుకు కరెంటు పెట్టాడట. ఒక అమ్మాయి స్కూటీ మీద రాయపూర్ దాకా పారిపోయిందట. అందరూ బతికారు, అందరికీ పదిహేనుకు తగ్గకుండా వచ్చాయి.

3. నా భార్య గున్నమ్మ కిందటి వానాకాలానికి ముందు వానాకాలంలో కిడ్నీలు చెడి చనిపోయింది. మాది పలాస దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉన్నా ఆమెకు హిందీ రాలేదు. కూరగాయల బండివాడితో కూడా మా భాషలోనే బేరమాడేది, వాడు ఇచ్చేసేవాడు. అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం, చదవడం రాదు. నేర్పిద్దామని నేనెప్పుడూ అనుకునేవాడిని. అనుకోవడంతోనే సరిపోయింది.

అమ్మాయి కథలో జాంబీగా వచ్చింది వాళ్లమ్మ. కరవడానికి రాలేదు. ఆస్పత్రిలో వేసుకున్న నీలం నైటీతోనే వచ్చి, పెరటి తలుపు దగ్గర నిలబడి పిలిచింది. కథంతా హిందీలో రాసిన పిల్ల, వాళ్లమ్మ మాటలు మాత్రం తెలుగులోనే ఉంచి, వాటిని హిందీ అక్షరాలలో రాసింది. మరి తనకు వచ్చిన అక్షరాలు అవే. ఆ కథలో నేను కూడా ఉన్నాను. కార్ఖానా నుంచి తెచ్చిన ఇనుపరాడ్డు పట్టుకుని, తలుపుకు వీపు ఆనించి, "అది మీ అమ్మ కాదు, తియ్యకు" అంటానట. పిల్ల నన్ను పక్కకు తోసి తలుపు తీస్తుందట.

4. ఈ కథకు ఆరు మార్కులు వేసి, "జాంబీ మాట్లాడదు, నియమ విరుద్ధం" అని ఎర్రసిరాతో రాసియున్నారు. అది వారి ఇష్టం. తరువాత దీపావళికి ముందు నన్ను పిలిపించారు. గదిలో ప్రిన్సిపాల్ గారు, మేడమ్, ఇంకొక సారు ఉన్నారు. అమ్మాయి నా పక్క కుర్చీలో కూర్చుంది. హిందీ కాని మాటలు మంత్రాల్లా ఉన్నాయని, పిల్లలు భయపడి ఇళ్లలో చెప్పుకున్నారని ఆ సారు అన్నాడు. "కోయీ టోనా-టోట్‌కా తో నహీ?" అని అడిగాడు. చేతబడి అన్న అనుమానం ఈ ప్రాంతంలో ఒక ఆడపిల్ల మీద పడితే ఏమవుతుందో తమరికి నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు మేడమ్ ఆ పేజీ తీసి పైకి చదివారు. ఆమెకు అర్థం తెలియదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తులన్నీ తప్పుగా చదివారు:

"ఏటే అమ్మీ, తలుపు తియ్యవేటి? నానే. మోటారు ఆపినావా? టంకీ పొర్లిపోతంది. నీ బాబు తిన్నాడేటి?"

అయ్యా, అది నా భార్య మాట. ఒక్క ముక్క తేడా లేదు. రోజూ నేను డ్యూటీ నుంచి వచ్చాక ఆమె వీధిలో నిలబడి కూతురిమీద కేకేసే మాట. ఆమె గొంతు మా దగ్గర ఫోనులో కూడా లేదు. ఫోను ఎత్తి పట్టుకుంటే చాలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఏడాది దాటాక ఆ మాట నాకు ఆ గదిలో, ఇంకెవరి నోటనో వినబడింది.

"యే కౌన్‌సీ భాషా హై? మత్‌లబ్ క్యా హై?" అని, ఇదేం భాష, దీని అర్థమేమిటని ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగారు.

నేను అన్నది ఇది: "పతా నహీ, సర్. బచ్చీ నే ఐసే హీ కుఛ్ లిఖ్ దియా." తెలియదన్నాను. పిల్ల ఊరికే ఏదో రాసేసిందన్నాను.

భయపడ్డాను. భయం ఒక్కటే కాదు, ఒక్క మాటకు అర్థం చెప్పబోయినా అక్కడే ఏడ్చేస్తానని తెలుసు, వాళ్ల ముందు ఏడవడం ఇష్టం లేకపోయింది. వాళ్లు తేలికపడ్డారు. "ఇవి అర్థం లేని మాటలు, ఇంట్లో ఇలాంటి భాష లేదు" అని ఒక కాగితం రాసి ఇచ్చారు. సంతకం చేశాను. సంతకం చేస్తున్నంతసేపూ అమ్మాయి నా చేతి వైపే చూసింది.

5. ఆ రోజు లగాయతు అమ్మాయి ఇంట్లో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. బడికి వెళుతుంది, వంట చేస్తుంది, ఇల్లు తుడుస్తుంది. "ఖానా రఖ్ దియా హై, ఆప్ ఖా లీజియే" అంటుంది, అన్నం పెట్టాను, మీరు తినండి అని. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు చెప్పి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటుంది. నేను తెలుగులో ఏమడిగినా జవాబు హిందీలోనే. మొదట్లో కోపం అనుకున్నాను. కోపమైతే మూడు నెలలు ఉండదు. మా ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లం ముగ్గురం. ఒకరు పోయారు, ఒకరు మానేశారు. నేను ఎవరితో మాట్లాడను?

6. నోటుబుక్కు కోసం బడికి నాలుగుసార్లు వెళ్లాను. జనవరిలో పాత ప్రాజెక్టులన్నీ కట్టలు కట్టి, పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేశారని చివరికి ప్యూను చెప్పాడు. రద్దీవాడి దగ్గరకూ వెళ్లాను. కాగితాల లారీ వెళ్లిపోయి అప్పటికి తొమ్మిది రోజులైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తమరు అనవచ్చు. ఆకులైనా దొరకలేదు అయ్యా. నా సంతకం ఉన్న కాగితం మాత్రం ఫైలులో భద్రంగా ఉన్నదట.

కావున తమరిని వేడుకొనునది: ఆ కాగితం కొట్టివేయించి, ఆ మాటలకు అర్థం ఉన్నదని, అవి ఈ పిల్ల తల్లి మాటలని, తండ్రికి ఆ భాష వచ్చునని, తెలిసే అబద్ధమాడినాడని ఫైలులో రాయించవలెను. దానికి కింద సంతకం పెట్టడానికి ఏ రోజు రమ్మన్నా కార్ఖానాకు సెలవు పెట్టి వస్తాను. నోటుబుక్కు దొరికే ఆశ నాకు లేదు. అయినను అడుగుట నా ధర్మం గనక అడిగినాను. ఈ కాగితం తమరు చదవలేకపోయినను, ఒక్కసారి చేతిలోకి తీసుకుని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బొడ్డేపల్లి తిరుమలరావు

తాజా కలం: ఇది మడిచి కవరులో పెట్టబోతూ, తమరికంటే ముందు చెప్పుకోవలసిన మనిషి ఇంట్లోనే ఉందనిపించింది. సాయంత్రం అమ్మాయి గది బయట నిలబడి, తలుపు తట్టి, వాళ్లమ్మ అన్నట్టే అన్నాను. "ఏటే అమ్మీ, తలుపు తియ్యవేటి? నానే" అన్నాను. లోపల మంచం కిర్రుమంది. లేచి తలుపు దాకా వచ్చింది. ఆమె అడుగులు నాకు వినబడ్డాయి. గడియ మీద చెయ్యి పడినట్టు కూడా అనిపించింది.

"పతా నహీ, పాపా," అంది లోపలి నుంచి. "ఆప్ ఐసే హీ కుఛ్ బోల్ రహే హై."