చదవకుండా వదిలేసిన పేరు

జూన్ 3

రెండు కాలేజీల కాగితాలూ గాలికి ఎగిరిపోకుండా బైబిల్ కింద పెట్టింది అమ్మ. రెండూ రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీలే, కమ్యూనికేషన్ అండ్ మీడియా. రెండిటికీ గడువు ఇరవయ్యో తారీఖు. ఒకటి ఇక్కడే, మా ఊరు డెనరీ నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. కోర్సు కొత్తగా పెట్టారు, ఎలా ఉంటుందని అడగడానికి ముందు చదివినవాళ్ళెవరూ లేరు. ఇంకోటి సముద్రం అవతల బార్బడోస్ దీవిలో. ఆ స్టూడియో ఫొటో చూసినప్పుడల్లా నాకు ఆకలి వెయ్యదు.

అక్కడ నీకు అరటికాయలు ఉడకేసి పెట్టేదెవరే అంది అమ్మ. అరటికాయల కోసం ఎవరైనా డిగ్రీ మానుకుంటారా.

జూన్ 5

బార్బడోస్ వాళ్ళకి గొంతు రికార్డింగ్ పంపాలి. రేడియోలో నిజంగా ప్రసారమైనదే కావాలట. ఇక్కడి రేడియోలో నేను చదివేది చావు ప్రకటనలు మాత్రమే. స్టేషన్ మేనేజర్ హయసింత్ గారితో అంటే, ఇంకేం కావాలమ్మాయ్, వార్తలు విననివాళ్ళు కూడా అవి వింటారు అన్నాడు. నిజమే. సాయంత్రం ఆరయితే మా సెయింట్ లూసియా దీవి అంతా గరిట కింద పెట్టి చెవులు ఇటు పడేస్తుంది. వచ్చే శుక్రవారం చదివేది రికార్డు చేద్దామన్నాడు.

జూన్ 12, సాయంత్రం 7

అద్భుతంగా వచ్చింది. ఒక్కచోట కూడా తడబడలేదు. డెనరీకి చెందిన జోసెఫ్ ఆగస్ట్, డెబ్బై ఒక్కేళ్ళు, రేపు మధ్యాహ్నం రెండింటికి చర్చిలో అంత్యక్రియలు. కాగితం మీద పేరు పక్కన, అందరికీ పందికాలుగా తెలిసిన, అని కూడా ఉంది. అది చదవలేదు. బార్బడోస్ వాళ్ళు వింటే ఏమనుకుంటారు.

జూన్ 13, ఉదయం

ఊళ్ళో జోసెఫ్ ఆగస్ట్‌లు ఇద్దరున్నారు. రెండోవాణ్ణి అందరూ డాక్టర్ అంటారు. బడి మొహం చూడలేదు కాబట్టి డాక్టర్. నిన్న ఆరున్నరకల్లా అతని గుమ్మం ముందు ఏడుపులు, లోపల అతను చేపల పులుసు తింటున్నాడట. పొద్దున్నే మా ఇంటికొచ్చి, ఏమమ్మాయ్, నన్ను చంపేశావటగా అన్నాడు. వదిలేసి పోయిన పెళ్ళాం కూడా ఏడుస్తూ వచ్చింది, ఇప్పుడు కదలనంటోంది, దాన్ని నువ్వే తీసుకుపో అన్నాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. రేడియో వాళ్ళు పొరపాటు పడ్డారు, ఎవరూ పోలేదు అనుకుని ఊరంతా ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారట.

జూన్ 13, సాయంత్రం

ఆరుగురు. నిజంగా పోయిన జోసెఫ్ కోసం, ఫాదర్‌తో కలిపి చర్చిలో ఆరుగురు.

జూన్ 14

అమ్మ చెబితే తెలిసింది. పోయినాయన చిన్నప్పుడు పండగ కుండలోంచి పందికాలు ఎత్తుకుపోతూ దొరికాడట, అరవై ఏళ్ళు ఆ పేరుకే పలికాడు. జోసెఫ్ అని పిలిస్తే వెనక్కి కూడా చూసేవాడు కాదట. ఈ ఊరి పడవల్లో అతను విప్పి బాగుచెయ్యని ఇంజన్ లేదు. ఏడాదిగా జబ్బు చేసి రాజధాని క్యాస్ట్రీస్‌లో కూతురు మార్వా దగ్గర ఉన్నాడు. అందుకే పోయిన సంగతి ఊరికి తెలియలేదు. తెలియాల్సింది నా నోటి నుంచే.

నిన్న పొద్దున నేను నవ్వుతున్నప్పుడు ఇంకా టైముంది. వీధి వెంట పరిగెత్తి అరిచినా సరిపోయేది. నాకు తట్టనే లేదు.

బస్సెక్కి మార్వాక్క ఇంటికి వెళ్ళాను. తిట్టలేదు. పడవలవాళ్ళంతా వస్తారని ఎనభై రొట్టెలు కాల్చానమ్మా, నువ్వు కొన్ని పట్టుకెళ్ళు అంది. సంచీ నిండా పెట్టింది. చెంప మీద కొట్టినా ఇంత సిగ్గు పడేదాన్ని కాదు.

జూన్ 15

రికార్డింగ్ బ్రహ్మాండంగా ఉంది, పంపెయ్, బార్బడోస్‌కి పందికాలుతో ఏం పని అన్నాడు హయసింత్ గారు.

పంపేశాను. అవును, పంపేశాను.

జూన్ 16

రొట్టెలు గట్టిపడిపోయాయి. ఎవరూ ముట్టుకోలేదు.

జూన్ 18

బార్బడోస్ నుంచి ఫోన్. ఒక మేడమ్. సీటు నీదే, ఎల్లుండిలోగా ఔనంటే చాలు అంది. నీ గొంతు ఎంత శుభ్రంగా ఉందంటే ఏ దీవి పిల్లవో, ఏ ఊరి పిల్లవో కనిపెట్టలేకపోయాం అంది. మిగతావాళ్ళకి మేం రెండేళ్ళు కష్టపడి నేర్పేది అదే, నీకు సగం పని అయిపోయినట్టే అంది.

థాంక్యూ అన్నాను. మర్యాదగానే అన్నాను. పెట్టేశాక పెరట్లోకి వెళ్ళిపోయాను. పొగడ్తకి సిగ్గుపడ్డానని అమ్మ అనుకుంది.

జూన్ 19

ఇక్కడి కాలేజీ కాగితం మీద సంతకం పెట్టాను. అమ్మ పాటలు పాడుకుంటూ పొయ్యి వెలిగించింది. నీ అరటికాయల కోసం కాదు అని అరిచాను. ఆమె సంతోషం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ స్టూడియో ఫొటో చింపలేదు, దాచాను. రెండేళ్ళ తర్వాత నన్ను నేనే తిట్టుకుంటానేమో. భయంగానే ఉంది.

రేపు ఆరింటికి ఒక్క నిమిషం ఇమ్మని హయసింత్ గారిని అడిగాను. పూడ్చేసినవాళ్ళకి ప్రకటన ఎక్కడైనా ఉందా, జనం నవ్వుతారు అన్నాడు. నవ్వనివ్వండి అన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మార్వాక్కకి కబురు పెట్టాను, రొట్టెలు మళ్ళీ కాలుస్తానంది.

జూన్ 20, సాయంత్రం 6

డెనరీకి చెందిన జోసెఫ్ ఆగస్ట్, అందరికీ పందికాలు. పోయిన శనివారం సమాధి చేశారు. మీకు తెలియకపోవడం నా తప్పు. రేపు మధ్యాహ్నం రెండింటికి సమాధి దగ్గర కూతురు మార్వా ఉంటుంది, ఎనభై రొట్టెలతో. చెబుతున్నది వెర్లిన్, డెనరీ, చేపల రేవు వెనక వీధి.